లైబ్రరీలో పేపర్లు తప్ప ఇంకేం ఉంటాయి? అడిగినవాళ్లకు చాలా ఉంటాయి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మండల కేంద్రంలో ఉంటున్నారు. తమ్ముడు డిగ్రీ అయ్యాక ఇంట్లోనే కూర్చుని గ్రూప్-2కి చదువుకుంటున్నాడు, హైదరాబాద్ పంపి కోచింగ్ ఇప్పించే స్తోమత లేదు. మీ బాబు మూడో తరగతి, సెలవులొస్తే ఫోన్ వదలడు. ఊళ్లో ప్రభుత్వ లైబ్రరీ ఉంది గానీ, "ఒకసారి వెళ్లి చూశాను, పెద్దవాళ్లు నలుగురు పేపర్లు చదువుకుంటున్నారు, ఇంకేమీ కనిపించలేదు. వీళ్లిద్దరికీ అక్కడ ఏమైనా ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు.

ఉంటుంది. ఇద్దరికీ ఉంటుంది. ఈ వారమే ఇద్దరినీ సభ్యులుగా చేర్పించండి. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకోండి. లోపలికి వెళ్లి ఓ చుట్టు చూసి వచ్చేస్తే పేపర్లే కనిపిస్తాయి. మిగతావన్నీ అడిగితేనే బయటికి వస్తాయి. ఏం అడగాలో, ఎలా అడగాలో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్లు గ్రంథాలయాధికారిగా చేసి రిటైరయ్యాను. నాలుగు ఊళ్లు తిరిగాను. రెండు మంచి భవనాలు, ఒకటి అద్దె ఇల్లు, ఒకటి వానొస్తే బీరువాల మీద టార్పాలిన్ కప్పుకోవాల్సిన చోటు. కాబట్టి ఇందులో కాగితం మీద రాసుకున్న పథకాల కంటే కౌంటర్ దగ్గర నేను చూసినవే ఎక్కువ.

ముందుగా మీ ఇంటిపన్ను రసీదు ఒకటి తీసి చూడండి. ఇంటిపన్ను కింద గ్రంథాలయ పన్ను అని ఒక వరుస ఉంటుంది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. మీకు ఏడాదికి 1,500 రూపాయల ఇంటిపన్ను వస్తుంటే దాని మీద లైబ్రరీ కోసం కట్టేది 120. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పంచాయతీలు, మున్సిపాలిటీలు దీన్ని వసూలు చేసి, జిల్లాలో ప్రభుత్వ లైబ్రరీలు నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. తెలంగాణలోనూ పద్ధతి ఇదే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన జనం లైబ్రరీ కౌంటర్ దగ్గర ఎవరి దయనో అడుగుతున్నట్టు చేతులు కట్టుకుని నిలబడతారు. అక్కర్లేదు. అది మీరు డబ్బు కట్టి నడుపుకుంటున్న చోటు. ఆ జమ సరిగ్గా జరగని ఊళ్లల్లో కొత్త పుస్తకాలు ఆగిపోతాయి, అది వేరే బాధ.

సభ్యత్వానికి ఆధార్ జిరాక్స్, ఫొటో, చిన్న డిపాజిట్ చాలు. సభ్యత్వం మానేసినప్పుడు ఆ డిపాజిట్ వెనక్కి ఇస్తారు, రసీదు దాచుకోండి. మా దగ్గర పుస్తకం 15 రోజులకు ఇచ్చేవాళ్లం, ఇంకెవరూ అడగకపోతే మళ్లీ పొడిగించేవాళ్లం.

మీ తమ్ముడి విషయం

గ్రూప్-2 గైడు కొత్త ఎడిషన్ మీ శాఖలో ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఉంటే అదృష్టం. పుస్తకాల కొనుగోలు ఊరి స్థాయిలో జరగదు. పైన ఎంపిక జరగాలి, ఆర్డర్ వెళ్లాలి, పుస్తకాలు జిల్లాకు వచ్చి అక్కడినుంచి శాఖలకు పంచాలి. అడిగిన పుస్తకం చేతికొచ్చేసరికి ఏడాది దాటిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అందుకే ఎప్పటికప్పుడు మారిపోయే పుస్తకాలు ఒకటో రెండో కొనుక్కోమనండి. మారనివన్నీ లైబ్రరీలో చదువుకోమనండి.

మారనివి అంటే చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికశాస్త్రం మూలపాఠాలు. తెలుగు అకాడమీ పుస్తకాలు పాతవైనా మా శాఖలన్నింటిలో ఉండేవి. బీరువాల దగ్గర వెతుక్కోవడం రాక పిల్లలు వెనక్కి వెళ్లిపోతుంటారు. పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీలో అంకెలుంటాయి, అవి డ్యూయీ వర్గీకరణ సంఖ్యలు, అంటే పుస్తకాలను విషయాల వారీగా సర్దడానికి వేసే నంబర్లు. 320 రాజనీతి, 330 ఆర్థికశాస్త్రం, 342 రాజ్యాంగం, 954 భారతదేశ చరిత్ర. తెలుగు సాహిత్యం 894.827. ఈ అయిదు అంకెలు చిన్న కాగితం మీద రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే. చీటీలు ఊడిపోయిన చోట గ్రంథాలయాధికారిని అడగాలి, ఏ బీరువాలో ఏముందో ఆ మనిషికి తెలుస్తుంది.

అసలైన నిధి ఇంకొకటి ఉంది, పాత పేపర్లు. చదివేసిన పేపర్లను మేము నెల నెలా కట్టగట్టి వెనక గదిలో పెడతాం. కొంతకాలం ఉంచి తర్వాత అమ్మేస్తారు, కాబట్టి అమ్మకముందే అడగాలి.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. ఒకరోజు కౌంటర్ దగ్గరికొచ్చి, "సార్, కిందటేడు బడ్జెట్ పెట్టిన మర్నాటి పేపరు దొరుకుతుందా?" అన్నాడు. అప్పటిదాకా నన్ను అలా తేదీతో ఎవరూ అడగలేదు. వెనక గదిలోకి తీసుకెళ్లాను. పురికొసతో కట్టిన కట్ట విప్పి, దుమ్ము దులిపి, కిటికీ పక్క బల్ల మీద పరుచుకున్నాడు. మర్నాటినుంచి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చుకునేవాడు. అందులో వార్త రాసుకునేవాడు కాదు. ఎడమవైపు విషయం, కుడివైపు పేపరు పేరు, తేదీ, పేజీ నంబరు. "పోలవరం" అని రాసి దాని ఎదురుగా ఏడెనిమిది తేదీలు. "జీఎస్టీ" ఎదురుగా ఇంకో పది. ఒక విషయం మొదటినుంచి ఇప్పటిదాకా ఎలా నడిచిందో ఒక్కసారిగా చదువుకోవాలంటే ఆ తేదీల కట్టలు తీసుకుంటే చాలు. మూడు నెలలు తిరిగేసరికి హాల్లో చదువుకునే మిగతా పిల్లలు ఆ నోట్‌బుక్ అడిగి తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. రెండో ప్రయత్నంలో పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. లైబ్రరీ వల్లే వచ్చిందని నేను అనను. రోజుకు ఆరు గంటలు కదలకుండా కూర్చున్న కష్టం ఆ అబ్బాయిది. కానీ ఆ కట్టలు లేకపోతే ఆ నోట్‌బుక్ లేదు.

ఆరు గంటలు అన్నాను గదా, అక్కడే ఒక చిక్కుంది. శాఖా గ్రంథాలయాలు సాధారణంగా ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. మధ్యలో మూసేస్తారు. పరీక్షలకు చదివేవాళ్లకు పనికొచ్చే సమయమంతా ఆ మధ్యలోనే పోతుంది. మా ఊళ్లో పిల్లలు 23 మంది సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి అర్జీ పెట్టుకున్నారు. హాలు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచండి, తాళం, ఫ్యాన్లు, లైట్ల బాధ్యత మేం ముగ్గురం పేర్లతో సహా తీసుకుంటాం అని రాశారు. రెండు నెలలు తిరిగారు, అనుమతి వచ్చింది. అర్జీలో ఎవరు బాధ్యత తీసుకుంటారో పేరు రాయడమే అక్కడ పని చేసింది. ఊరికే "సమయం పెంచండి" అని రాస్తే, సిబ్బంది లేరు అని జవాబు వచ్చి ఉండేది. అది అబద్ధమూ కాదు, ఒక్కరే రెండు మూడు శాఖలకు ఇన్‌ఛార్జిగా ఉన్న చోట్లు ఎన్నో.

మీ జిల్లా కేంద్ర గ్రంథాలయం బస్సులో గంట దూరమైతే వారానికి ఒకరోజు పంపించండి. అక్కడ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, రిఫరెన్స్ విభాగం ఉంటుంది. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని ఉద్యోగాలు కొట్టినవాళ్ల గురించి మీ తమ్ముడు వినే ఉంటాడు. నిజమే, అక్కడ చదివే వాతావరణం వేరు. కానీ దాని కోసం ఆ చుట్టుపక్కల గది అద్దె, మెస్ బిల్లు కట్టుకోవాలి. ఆ డబ్బు లేదనే గదా మీ బాధ. ఊళ్లో నలుగురు జతగాళ్లను పోగుచేసుకుంటే అందులో చాలావరకు ఇక్కడే వస్తుంది.

సూచనల రిజిస్టర్

మీరు మొదటిరోజే అడగాల్సినది ఇదే. కావలసిన పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త రాయడానికి ఒక రిజిస్టర్ ఉండాలి. చాలా చోట్ల సొరుగులో ఉంటుంది, ఎవరూ రాయరు. లేకపోతే తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకోండి. ఇండెంట్, అంటే కావలసిన పుస్తకాల జాబితా, పైకి పంపేటప్పుడు మా ముందు ఆ రిజిస్టర్ ఉంటే "పాఠకులు అడిగారు" అని రాయగలం. లేకపోతే పైనుంచి ఏది వస్తే అది సర్దుకోవడమే.

దాని వల్ల ఇంకో లాభం కూడా చూశాను. మా ఊరివాడే, అమెరికాలో స్థిరపడ్డ ఒకాయన, లైబ్రరీకి ఏదైనా చెయ్యాలని మొదట రెండు అట్టపెట్టెల ఇంగ్లిష్ నవలలు పంపాడు. మంచి మనసుతోనే పంపాడు గానీ ఒక్కటీ ఎవరూ తీయలేదు. మరుసటి ఏడు ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి ఏం పంపమంటారు?" అన్నాడు. రిజిస్టర్ తెరిచి పిల్లలు రాసిన 11 పుస్తకాల పేర్లు చదివి వినిపించాను. పది రోజుల్లో విజయవాడ దుకాణం నుంచి పార్సిల్ వచ్చింది. ఆ పదకొండూ చినిగిపోయేదాకా చదివారు. ఏడాది ఎదురుచూడకుండా పుస్తకం రావాలంటే దాత దారే దగ్గర దారి. దాతకు చూపించడానికి జాబితా ఉండాలి.

కంప్యూటర్లు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేవి

కొన్ని శాఖల్లో కంప్యూటర్లున్నాయి, కొన్నిటిలో పేరుకే ఉన్నాయి. నేను చేసిన ఒక ఊళ్లో నాలుగు కంప్యూటర్లు వచ్చి 14 నెలలు కవర్ల కిందే ఉన్నాయి. నెట్ బిల్లు ఎవరు కట్టాలన్నది తేలలేదు. వారానికోసారి ఆ కవర్లు దులుపుతుంటే ప్రాణం ఉసూరుమనేది. చివరికి నా ఫోన్ హాట్‌స్పాట్‌తో సాయంత్రం గంటసేపు ఒక్కటి నడిపించాను. ఆ గంటలో పిల్లలకు నేర్పింది పెద్ద విద్యేమీ కాదు. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో, సంతకం సైజు తగ్గించడం, సర్టిఫికెట్లు పీడీఎఫ్ చెయ్యడం, కట్టిన ఫీజు రసీదు భద్రం చేసుకోవడం. నెట్ సెంటర్లో ప్రతిసారీ డబ్బు పోసే పని, ఒక్క వారంలో వచ్చేసింది. మీ దగ్గర కంప్యూటర్ ఉంటే ఇలాంటివి నేర్పమని అడగండి. గ్రంథాలయాధికారికి రాకపోతే వచ్చిన కుర్రాడు నేర్పుతాడు, చోటు ఇస్తే చాలు.

ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఈమెయిల్‌తో ఉచితంగా చేరొచ్చు. పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం పోర్టల్‌లో ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా వినొచ్చు. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైట్‌లో వేలల్లో ఉన్నాయి, కాకపోతే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పులతో ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా వెతకాలి. మీ ఇంట్లోనో వీధిలోనో చూపు లేనివాళ్లు ఉంటే సుగమ్య పుస్తకాలయ గురించి చెప్పండి. అచ్చుపుస్తకం చదవలేనివాళ్ల కోసం 2016లో కేంద్రం మొదలుపెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ అది.

ఇక మీ బాబు

శాఖా గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరం పెడతారు. బడులకు సెలవులిచ్చాక మొదలై జూన్ మొదటి వారం దాకా నడుస్తుంది. ఉదయం పూట కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వెయ్యడం, కాగితంతో బొమ్మలు చెయ్యడం, చదరంగం, కాస్త స్పోకెన్ ఇంగ్లిష్. ఫీజు లేదు. ఎలా నడుస్తుందన్నది అక్కడున్న మనిషిని బట్టి ఉంటుంది, ఇది దాచడానికేం లేదు. కొన్ని చోట్ల మొదటిరోజు, చివరిరోజు ఫొటోలే ఉంటాయి. అందుకే ఏప్రిల్ మొదట్లోనే వెళ్లి, "శిబిరం ఎప్పటినుంచి, ఎవరు నేర్పుతారు?" అని అడగండి. మీకు వారానికి ఒక గంట తీరిక ఉంటే నేనొచ్చి కథ చదువుతాను అని చెప్పండి. ఆ ఒక్క మాటతో శిబిరం కదిలిన ఊళ్లు నాకు తెలుసు.

పిల్లల పుస్తకాలు కనపడలేదు అన్నారు. ఉంటాయమ్మా, తాళం వేసిన బీరువాలో. దాని వెనక కారణం చెబుతాను. స్టాక్ వెరిఫికేషన్‌లో, అంటే ఉన్న పుస్తకాలు లెక్క చూసేటప్పుడు, పుస్తకం తగ్గినా చినిగినా గ్రంథాలయాధికారి మెడకు చుట్టుకుంటుంది, డబ్బు కట్టమంటారు. పిల్లల పుస్తకాలు చినుగుతాయి, అది వాటి రాత. ఆ భయంతో తాళం వేస్తారు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో వేశాను, తప్పు చేశాను. "పిల్లల బీరువా తెరవండి, మా వాడు ఇక్కడే కూర్చుని చదువుతాడు, నేను పక్కన ఉంటాను" అనండి. కాదనే మనిషి అరుదు.

ఒక వేసవిలో నాలుగో తరగతి పాప వచ్చేది. అక్షరాలు, గుణింతాలు బాగానే చదివేది. ఒత్తు వస్తే ఆగిపోయేది. "పుస్తకం" దగ్గర "పు" అని నా మొహం వంక చూసేది. "లక్ష్మి" అయితే ఆ మాటే దాటేసేది. బళ్లో అది ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే పాఠాలు కంఠతా వచ్చు. పలక మీద రోజుకు పది మాటలు రాశాను: అమ్మ, అన్నం, కొబ్బరి, బొమ్మ. తర్వాత రాత్రి, చంద్రుడు, పుస్తకం. ఆపైన పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకం ఒకటి చేతికిచ్చాను. ప్రతి మాట కిందా వేలు పెట్టి చదివేది. శిబిరం చివరి వారం చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ మొత్తం చదివింది. మూడో పేజీ దగ్గర వేలు తీసేసింది. ఆ సంగతి ఆ పాపకే తెలియదు.

మీ వాడిని చదివించేటప్పుడు ఈ ఒత్తుల సంగతి ఒకసారి గమనించండి. పుస్తకం వాడినే ఎంచుకోనివ్వండి, మరీ చిన్నపిల్లలది తీసినా సరే. చదివాక నీతి ఏమిటని అడక్కండి. అడిగిన రోజునుంచి అది బడి అయిపోతుంది.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి. వ్యాసరచన, క్విజ్, పాటల పోటీలు పెడతారు. పిల్లలు బహుమతి కోసం వచ్చి వెళ్లిపోతారని నాకు అసంతృప్తిగా ఉండేది. ఒక ఏడు పోటీలు తగ్గించి, దాతల డబ్బుతో బస్సు మాట్లాడి 30 మంది పిల్లల్ని వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లాను. 1918లో మొదలైన గ్రంథాలయం అది, 1929లో గాంధీ గారు భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలు అక్కడ ఎలా దాచారో చూసి ఒక పిల్లవాడు, "మన దగ్గర పేపర్లు ఎందుకు అమ్మేస్తున్నారు సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాతే, మా మండలం వార్తలున్న పేజీలు కత్తిరించి ఒక ఫైలు పెట్టడం మొదలుపెట్టాం.

మీ ఊరు మండల కేంద్రమే కాబట్టి సరిపోయింది. దూరపు ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే పుస్తక నిక్షిప్త కేంద్రం గురించి అడగండి. ఊళ్లో ఒక గది, బాధ్యత తీసుకునే మనిషి ఉంటే దగ్గరి శాఖ కొన్ని పుస్తకాలు అక్కడ పెట్టి, కొన్నాళ్లకోసారి మారుస్తుంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు, ఆయన తోటివాళ్లు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టింది మొదలు ఊరూరికీ పుస్తకం చేరాలన్న పట్టుదలే. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊళ్లకు పంపారు. పడవ మీద పంపినవాళ్ల తర్వాత తరం మనం, బీరువా తాళం తీయడానికి వెనకాడకూడదని నేను తోటి ఉద్యోగులతో గట్టిగానే అనేవాణ్ని.

అడిగినా సరిగ్గా స్పందించకపోతే ఏం చెయ్యాలి అంటారేమో. మొదటిరోజే ఫిర్యాదు వద్దు. ఉదయం 8 నుంచి 9 దాకా పేపర్ల హడావిడి, ఆ సమయంలో మాట్లాడితే విసుక్కుంటారు. 10 గంటలకు వెళ్లండి. రెండు మూడుసార్లు అడిగినా పని కాకపోతే, లేదా లైబ్రరీ తెరవాల్సిన వేళ తెరవకపోతే, తేదీలతో సహా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట ఎక్కడా మిగలదు.

తమ్ముడి ఫొటో ఒకటి, ఆధార్ జిరాక్స్, బాబుకు మీ పూచీకత్తు సంతకం, ఇంటిపన్ను రసీదు పట్టుకుని వెళ్లండి. డ్యూయీ అంకెల కాగితం తమ్ముడి జేబులో ఉండాలి. మా జిల్లాలో శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. మీ దగ్గరా బోర్డు చూసుకుని బయల్దేరండి.